మలుపు దగ్గర గంట

ఊదిన గొట్టం సున్నా చూపించింది. అయినా ముక్కు ఊరుకోలేదు.

ఆ డిపోలో పొద్దున్నే బండి తాళం చేతికి రావాలంటే ప్రతి డ్రైవరూ కంట్రోలరు బల్ల ముందు నిలబడి గొట్టంలోకి ఊదాలి. మిషను మీద సున్నా వస్తే వెనక పలక మీది కొక్కెం నుంచి తాళం తీసి ఇస్తారు. అది రూలు. దాని మీద ఇంకో రూలు కంట్రోలరు సొంతంగా పెట్టుకున్నాడు. ఊదిన మనిషి నోటి దాకా మొహం తీసుకెళ్ళి, కళ్ళు మూసుకుని, అత్తరు కొనడానికొచ్చినవాడిలా వాసన పీలుస్తాడు. మిషన్ను మోసం చెయ్యడానికి సవాలక్ష ఉపాయాలున్నాయి, నా ముక్కును మోసం చేసే మొనగాడు ఇంకా పుట్టలేదంటాడు. వెనకాల అందరూ అతన్ని ముక్కు అనే పిలుస్తారు. ఎదురుగా మాత్రం సారే.

ఆ రోజు అతని ముందు నిలబడ్డవాణ్ణి దూది అంటారు. అతను బ్రేకు వేస్తే దూది మీద కాలు పెట్టినట్టుంటుందని పాత డ్రైవర్లు పెట్టిన పేరు. అతని బండిలో ముసలమ్మ నిలబడ్డా కడ్డీ పట్టుకోనక్కర్లేదు. వరస పక్కన టికెట్ల మిషను మెడలో వేసుకుని నిలబడ్డ కండక్టరు అతని భార్య. మొగుడు స్టీరింగు దగ్గర, పెళ్ళాం గంట తాడు దగ్గర, సంసారం మొత్తం ఒకే బండిలో తిరుగుతోందని డిపో అంతా వాళ్ళ మీద జోకులేస్తుంది.

ముక్కు ఒకసారి పీల్చాడు. ఆగాడు. మళ్ళీ పీల్చాడు. కళ్ళు తెరిచి, కుర్చీలో వెనక్కి జారగిలబడి, వరసలో ఆఖరివాడికి కూడా వినపడేలా అన్నాడు.

“తియ్యగా కొడుతోంది. మాగిపోయిన పండు వాసన. రాత్రి పోసుకున్నది ఇంకా దిగలేదు.”

దూది తాను తాగనన్నాడు. మాట నెమ్మదిగా, నాలుక మీద తడబడుతూ వచ్చింది. వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. కండక్టరమ్మ ముందుకొచ్చి, మిషను సున్నా చూపిస్తోంది కదా, కళ్ళు పెట్టి చూడమంది. ముక్కు ఆమె వైపు తిరగనైనా తిరగలేదు. నిన్న సాయంత్రం గేటు స్తంభానికి బండి రాసింది మిషనా అని డ్రైవర్లనే అడిగాడు. చేతిలో ఉన్న తాళాన్ని తిరిగి కొక్కేనికి తగిలించాడు. స్పేరు డ్రైవర్ని పిలిచి ఆ బండి ఎక్కమన్నాడు. దూదికి కడుగుడు షెడ్డు చూపించాడు.

“నీళ్ళు బాగా కొట్టు. బండికీ, నీ నెత్తికీ.”

ఈసారి నవ్వింది ఒక్కరు కాదు.

దూది చొక్కా మీది పేరుబిళ్ళ విప్పి, తడిస్తే పాడవుతుందన్నట్టు భార్య చేతిలో పెట్టి షెడ్డు వైపు నడిచాడు. ఆ పని చూసి ఆమె కడుపులో నిప్పు పడింది. అతను బల్ల తన్నినా, ముక్కు కాలరు పట్టుకున్నా ఇంత మండేది కాదు. ఆమె పేరుబిళ్ళను డబ్బుల సంచిలో అడుగున వేసుకుంది. ముక్కు మొహాన్ని ఒకసారి, నవ్విన మొహాల్ని ఒక్కొక్కటిగా ఒకసారి చూసింది. ఎక్కడ నవ్వారో అక్కడే, ఎవరి ముందు నవ్వారో వాళ్ళ ముందే వీడి ముక్కు నేలకు రాయించకపోతే తాను తాడు పట్టడం దండగ అనుకుంది.

ఆ రోజంతా స్పేరు డ్రైవరుతో తిరిగింది. మంచివాడే, బ్రేకు వేస్తే మాత్రం జనం ముందుకు తూలుతున్నారు. తూలినప్పుడల్లా ఆమెకు ముక్కు మీద కోపం ఇంకాస్త ఎక్కింది. మార్కెట్టు దాటి నీళ్ళ ట్యాంకు దగ్గరకొచ్చేసరికి, ఒక చెయ్యి టికెట్టు కొడుతుంటే రెండో చెయ్యి దానంతటది పైకి లేచి తాడు లాగింది. ఒంటి గంట, అంటే ఆపమని. స్పేరు డ్రైవరు బండి ఆపేశాడు.

“ఏంటక్కా, ఇక్కడ స్టాపు లేదుగా?” అన్నాడు వెనక్కి తిరిగి.

చెయ్యి తగిలిందని చెప్పి, పొమ్మని డబుల్ కొట్టింది. బండి ట్యాంకు పక్కన మలుపు తిరిగింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆమె మాత్రం తాడు పట్టిన చేతిని చీరకు తుడుచుకుంది, ఏదో అంటుకున్నట్టు.

సాయంత్రం షెడ్డుకు వెళ్ళింది. దూది ఒక బండి పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో పైపు. నీళ్ళు బండి మీద పడటం లేదు, అతని బూట్లలోకి పోతున్నాయి. నిలబడే నిద్రపోతున్నాడు. ఆమె కంటే ముందు ఆమె తమ్ముడు వచ్చి కుళాయి కట్టేశాడు. తమ్ముడు అదే డిపోలో మెకానిక్కు. చేతుల నిండా గ్రీజు, నోటికి తాళం లేదు. పొద్దుటి నుంచీ దారిన పోయిన ప్రతి డ్రైవరూ దూదీ, నా బండి అద్దాలు కూడా రుద్దు అని కేకేసి పోయారని చెప్పాడు. బావ ఒక్కడికీ జవాబు చెప్పలేదన్నాడు. ముక్కు స్కూటరు అక్కడే ఉందని, దాని పెట్రోలు ట్యాంకులో గుప్పెడు ఇసుక పడితే ఆ ముక్కు ఏ వాసన పడుతుందో చూడాలని ఉందన్నాడు.

“ఇసుకతో సరిపోయే పగ కాదురా ఇది,” అంది ఆమె.

ఇంటికొచ్చాక దూది బూట్లు విప్పడానికి చాలాసేపు పట్టింది. లేసు ముడి ముందు కూర్చుని, అది ఎటునుంచి విప్పాలో ఎవరైనా చెప్తారేమో అన్నట్టు చూశాడు. ఆమె వంగి విప్పింది. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు పొద్దున్న. అవీ ఆమే విప్పింది. అలిసిపోయాడు మనిషి, అవమానానికి అలాగే అయిపోతారు ఎవరైనా అనుకుంది. ఈమధ్య ఆమె చాలా వాటికి అలాగే అనుకుంటోంది. కంచంలో చెయ్యి పెట్టి మరిచిపోతే అలసట. పగలు తూగి రాత్రిళ్ళు కళ్ళు తెరుచుకుని కూర్చుంటే వయసు. దూది అన్నం ముందు తల ఎత్తి ఒకే ఒక మాట అన్నాడు. ఒక్కసారి ఆ సీటెక్కి వాడి కళ్ళ ముందు గేటు దాటిస్తే చాలు, ఆ తర్వాత ఏమైపోయినా పర్లేదన్నాడు. ఆమె దాటిస్తావులే అంది. మాట ఇచ్చింది.

మర్నాడు ఇద్దరూ సెలవు పెట్టి పెద్దాసుపత్రికి వెళ్ళారు. జబ్బు చూపించుకోవడానికి కాదు. రక్తం తీయించి, ఈ మనిషి ఒంట్లో సారా చుక్క లేదని పెద్ద డాక్టరు చేత చెప్పించడానికి. ఆ మాటను ముక్కు మొహాన కొట్టడానికి. దారి పొడుగునా ఆమె ఆ మాటలు ఎలా అనాలో లోపల్లోపల వరస పెట్టుకుంటూనే ఉంది. ఏ మాట ముందు వేస్తే ఎక్కువ కాలుతుందో అని.

డాక్టరమ్మ నడివయసు మనిషి. దూది బల్లకు ఇవతల కూర్చుని నోరు తెరవగానే ఆమె ముక్కుపుటాలు కొంచెం కదిలాయి. కండక్టరమ్మ అది పట్టేసింది. ఇదీ అదే జాతి అనుకుని పిడికిలి బిగించింది. కానీ డాక్టరమ్మ వెనక్కి జారగిలబడలేదు. కుర్చీ ముందుకు లాక్కుని, చేతులు చాచి, ఎదురొచ్చే బండిని ఆపుతున్నట్టు అరచేతులు పైకెత్తి పెట్టమంది. దూది పెట్టాడు. చేతులు నిలబడ్డట్టే నిలబడి, మణికట్టు దగ్గర ఠప్పున కిందికి వాలాయి. మళ్ళీ లేచాయి. మళ్ళీ వాలాయి. తెగిన రెక్కలు కొట్టుకున్నట్టు. దూది తన చేతుల్ని తానే వింతగా చూశాడు.

తర్వాత ఒక కాగితం ముందు పెట్టింది. చెల్లాచెదురుగా సున్నాలు, వాటిలో అంకెలు. ఒకటి నుంచి వరసగా గీత గీసుకుంటూ పొమ్మంది. ఊరంతా తిరిగే రూట్లు కళ్ళు మూసుకుని చెప్పేవాడు దూది. పెన్సిలు పట్టుకుని మొదట చకచకా పోయాడు. తర్వాత నెమ్మదించాడు. ఒక చోట ఆగిపోయాడు. అతను వెతుకుతున్న అంకె అతని బొటనవేలి పక్కనే ఉంది. ఆమెకు కనపడుతోంది. ఆమె గొంతు దాకా వచ్చింది మాట. అతను తలెత్తి కాగితం వైపు కాదు, ఆమె వైపు చూశాడు. ఆమె తలవంచుకుంది.

రక్తం తీశారు, పొట్ట మీద జిగురు పూసి స్కానింగు చేశారు. మధ్యాహ్నం దాటాక దూదిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి డాక్టరమ్మ ఆమెను లోపలికి పిలిచింది. మీ ఆయన తాగడు, అది నిజమే అంది. ఆ మాట వినగానే కండక్టరమ్మకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడే లేచి వెళ్ళిపోయి ఉంటే ఎంత బాగుండేదో. డాక్టరమ్మ ఆపలేదు. ఎప్పుడో ఒంట్లో దూరిన వైరసు లివరును లోపల్లోపలే తినేసిందంది. తాగనివాళ్ళకూ వస్తుందంది. లివరు వడకట్టాల్సిన చెత్త వడకట్టకుండా నెత్తురులో కలిసి మెదడుకు ఎక్కుతోందని, ఆ తియ్యటి వాసన కూడా దానిదేనని చెప్పింది. మెదడు మొత్తం చెడదు, మసకబారుతుంది. మాట్లాడతాడు, తింటాడు, లెక్క కూడా చెప్తాడు. కానీ ఎదురుగా ఏదైనా వస్తే చూసిన కంటికీ తొక్కాల్సిన కాలికీ మధ్య ఆలస్యమవుతుంది. బండి పక్కకు జరుగుతున్నా తెలియదు. తెలిసిన దారే ఉన్నట్టుండి కొత్తదవుతుంది.

“అన్నిటికన్నా మోసం ఏంటంటే, తాను బాగానే నడుపుతున్నాననుకుంటాడు. తేడా పక్కనున్నవాళ్ళకే తెలుస్తుంది. బండిలో ఆయన పక్కన ఎవరుంటారు?”

“నేనే.”

“ఈమధ్య ఏమైనా మార్పు చూశారా?”

“లేదు,” అంది ఆమె.

డాక్టరమ్మ కాగితం మీద తెగిపోయిన పెన్సిలు గీతను చూస్తూ కూర్చుంది. కండక్టరమ్మ చెవుల్లో ఒక చప్పుడు వినపడింది. ప్లాస్టిక్కు సీసా పగిలిన చప్పుడు. కిందటి నెల, బడి ముందు. పిల్లలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని రోడ్డు దాటుతున్నారు. దూది చూస్తూనే ఉన్నాడు. చూస్తూనే పోనిస్తున్నాడు. ఆమె తాడు తెగిపోయేలా లాగింది. గంట విన్నాక కాలు బ్రేకు మీద పడింది. ఒక పిల్లను వాళ్ళమ్మ జుట్టు పట్టి వెనక్కి లాక్కుంది. పిల్ల చేతిలోని నీళ్ళసీసా చక్రం కిందికి పోయింది. ఏంటే ఆ చప్పుడు అని అడిగాడు దూది. రాయి ఏదో అని చెప్పింది ఆమె. డిపోలో ఎవరికీ చెప్పలేదు. తనకు తానే చెప్పుకోలేదు.

“మలుపుల దగ్గర గంట కొడుతున్నాను,” అంది చివరికి.

“ఎవరికి?”

“ఆయనకి. తిరగాలని గుర్తుండట్లేదు. నేను కొడితే తిరుగుతున్నాడు.”

డాక్టరమ్మ తిట్టి ఉంటే ఆమె తిరిగి తిట్టి ఉండేది. తిట్టలేదు. మందు రాసింది. చిక్కటి తియ్యటి సిరపు. రోజూ విరేచనాలు కావాలి, కడుపు బిగిస్తే తలకెక్కుతుంది, పూట తప్పించొద్దంది. మందు పని చేస్తే ఈ మసక కొంత వీడుతుందని, వీడాక మళ్ళీ పరీక్ష పెట్టి చూద్దామని చెప్పింది. అప్పటిదాకా స్టీరింగు ముట్టకూడదు. ఆ తర్వాతైనా జనం ఎక్కే బండి చేతికిస్తారని తాను మాట ఇవ్వలేనంది. డిపోకు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా అని అడిగింది. నేనే చెప్తానంది కండక్టరమ్మ. తలుపు దగ్గర ఆగి, అతను తాగడని మాత్రం రాసిమ్మని అడిగింది. రాస్తే రెండూ రాస్తానంది డాక్టరమ్మ. అయితే వద్దంది ఆమె.

ఆ సాయంత్రమే ఇంటికి ఇంకో మనిషి వచ్చి పడ్డాడు. డిపో కార్మిక సంఘం కార్యదర్శి. ఎన్నికలు దగ్గరకొచ్చి, పోట్లాడటానికి ఒక మంచి గొడవ కోసం చూస్తున్నాడు పాపం. తమ్ముడే తీసుకొచ్చాడు. సున్నా చూపించినవాణ్ణి దింపెయ్యడం రూలుకు విరుద్ధమని, మేనేజరు మెడ మీద కూర్చుంటే కంట్రోలరు చేత అందరి ముందూ క్షమాపణ చెప్పించి, తాళం చేతిలో పెట్టించవచ్చని అన్నాడు. ఆ మాట ఆమెకు హాయిగా తగిలింది. దాహంతో ఉన్నవాడికి నీళ్ళ చప్పుడు వినపడినట్టు. ఆసుపత్రి సంగతి నాలుక చివర దాకా వచ్చింది. కొంచెమే చెప్పింది. లివరు జబ్బంట, మందులిచ్చారంట. కార్యదర్శి చెయ్యి అడ్డం పెట్టాడు.

“జబ్బు మాట ఎత్తకమ్మా. తాగలేదు, అంతే. ఆ ఒక్క మాట మీద నిలబడు. రెండో మాట వస్తే వాళ్ళకు దొరికిపోతాం.”

దూది మంచం మీద కూర్చుని వింటున్నాడు. సిరపు తాగి, ఇంటికొచ్చినప్పటి నుంచీ దొడ్డికి తిరిగి తిరిగి నీరసపడ్డాడు. తమ్ముడు బావా, బండి తోలే యోగం మళ్ళీ వస్తోంది, ముందు పరుగు దొడ్డి దాకా ప్రాక్టీసు చెయ్యి అన్నాడు. దూది చాలా రోజుల తర్వాత నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఆమెకు ఇంకేమీ చూడాలనిపించలేదు.

మర్నాడంతా ఆమె తనలో తనే బేరమాడుకుంది. ఒక్క ట్రిప్పు. ఒక్కటంటే ఒక్కటే. గేటు దాటిస్తాడు, ముక్కు మొహం మాడిపోతుంది, తిరిగొచ్చి ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టేస్తాడు. ఎవరికీ జబ్బు మాట చెప్పక్కర్లేదు. తాను తాడు దగ్గరే ఉంటుంది. టికెట్లు కూడా కొట్టదు, కళ్ళు రోడ్డు మీదే పెడుతుంది. ఇన్నాళ్ళూ కాపాడింది, ఇంకొక్క ట్రిప్పు కాపాడలేదా? నీళ్ళసీసా గుర్తొచ్చినప్పుడల్లా ముక్కు కళ్ళు మూసుకుని పీల్చడం గుర్తు తెచ్చుకుంది. అది గుర్తొస్తే సీసా చప్పుడు వినపడదు. పగ అంత పనికొచ్చే మందు ఏ డాక్టరూ రాయలేదు ఆమెకు.

ఆ మరుసటి పొద్దున్న డ్రైవర్లూ కండక్టర్లూ మెకానిక్కులూ అందరూ గేటు లోపల గుమిగూడారు. స్టాండు డిపో ముందరి ఆవరణలోనే కాబట్టి, మొదటి ట్రిప్పు జనం కూడా బుట్టలతో, సంచులతో, పిల్లలతో నిలబడి తమాషా చూస్తున్నారు. మేనేజరు వచ్చి దగ్గి పక్కకు తప్పుకున్నాడు. ముక్కు బల్ల వెనక నుంచి లేచాడు. లేవడానికి బల్ల అంచు పట్టుకున్నాడు. మిషను సున్నా చూపించినా తాను పొరబడ్డానని, మనసులో పెట్టుకోవద్దని అన్నాడు. గట్టిగా అనమన్నాడు కార్యదర్శి. మళ్ళీ అన్నాడు. నోటితో కాదు సార్, ముక్కుతో చెప్పించండి అని వెనకనుంచి తమ్ముడు కేకేశాడు. మొన్న నవ్వినవాళ్ళే ఇప్పుడూ నవ్వారు. ముక్కు చెవులు ఎర్రబడ్డాయి. కొక్కెం నుంచి తాళం తీసి రెండు చేతులా దూదికి అందించాడు.

ఆమె దీన్నే కోరుకుంది. కళ్ళారా చూసింది. నిజం చెప్పాలంటే అంత రుచి ఆమె ఇంతవరకూ ఎరగదు. పేరుబిళ్ళ సంచిలోంచి తీసి, అందరూ చూస్తుండగా మొగుడి చొక్కాకు తగిలించింది.

దూది సీటెక్కాడు. ఇంజను గుర్రుమంది. జనం ఎక్కారు. ఆమె మెట్టు మీద నిలబడి తాడు అందుకుంది. కార్యదర్శి కింద నుంచి రైట్ చెప్పమ్మా అని చెయ్యూపాడు. ఆమె డబుల్ కొట్టింది.

బండి కదిలింది. మెత్తగా, దూది మీద కదిలినట్టే కదిలింది. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. ఆమె డ్రైవరు తల పైనున్న అద్దం వైపు చూసింది. అందులో దూది కళ్ళు కనపడ్డాయి. అవి రోడ్డు మీద లేవు. అద్దంలోంచి ఆమె చేతి మీద ఉన్నాయి. తాడు పట్టుకున్న చేతి మీద. గేటు దగ్గర ఒకావిడ బండి పోతుందేమోనని, చంకలో పిల్లతో అడ్డంగా పరిగెత్తుకొస్తోంది. ముందరి అద్దం నిండా ఆవిడే ఉంది. దూది కళ్ళు చేతి మీదే ఉన్నాయి.

ఒంటి గంట కొట్టింది ఆమె.

బండి ఆగింది. చంకలో పిల్లతో ఉన్నావిడ బానెట్టు మీద అరచెయ్యి వేసి ఆయాసపడుతూ నిలబడింది. చప్పట్లు ఆగిపోయాయి. అతను అద్దంలో ఇంకా ఆమె చేతినే చూస్తున్నాడు, డబుల్ కోసం. ఆమె తాడు వదిలేసింది. జనం మధ్య నుంచి ముందుకు నడిచింది. అతని భుజం మీదుగా వంగి తాళం తిప్పింది. ఇంజను ఆగిపోయింది. తాళం లాగి చేతిలోకి తీసుకుంది.

దూది తలెత్తి చూశాడు. మొన్న బల్ల దగ్గర ముక్కు వైపు ఆమె ఎలా చూసిందో అలా చూశాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. దాని లోపల ఏముంటుందో కూడా తెలుసు. అయినా తాళం ఇవ్వలేదు. కిందికి దిగింది.

“ఈయన తాగలేదు. అది నిజం,” అంది అందరికీ. “బండి నడపలేడు. అదీ నిజమే. లివరు చెడితే ఆ విషం తలకెక్కుతుందంట. నాకు ముందే తెలుసు. గంట కొట్టి కొట్టి నేనే నడిపిస్తున్నాను. మీ పిల్లలు తిరిగే రోడ్ల మీద.”

కార్యదర్శి మొహం చాటేశాడు. ముక్కు మొహంలోకి మాత్రం నెత్తురు తిరిగొచ్చింది. మెడ నిక్కించి, నేను ముందే చెప్పానా లేదా అని చుట్టూ చూశాడు. ఆమె అతని బల్ల దగ్గరకు నడిచింది. తాళం అతని చేతికి ఇవ్వలేదు. పక్కనుంచి పోయి తనే కొక్కేనికి తగిలించింది.

“నువ్వు చెప్పింది వేరు. మిషను సున్నా చూపించి, మనిషి తూలుతుంటే ఆస్పత్రికి పంపాలి. నువ్వు కడుగుడు షెడ్డుకు పంపావు. ఇందాక చెప్పిన క్షమాపణ అలాగే ఉంటుంది, దాన్ని వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. ఇంకోసారి ఎవరి మూతి దగ్గరికైనా ఆ ముక్కు తీసుకెళ్ళావంటే, ఆ రోజు నా పక్కన కార్యదర్శి ఉండడు. నేనొక్కదాన్నే ఉంటాను.”

మేనేజరు ఆమె వైపు వేలు చూపిస్తూ నీ సంగతి కూడా చూడాల్సిందే అన్నాడు. చూడమంది. ముందు జనం ఆలస్యమవుతున్నారు, ట్రిప్పు అయ్యాక చూడమంది.

స్పేరు డ్రైవరు తాళం తీసుకుని వచ్చాడు. దూది సీటు దిగి, బండి దిగకుండా డ్రైవరు వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. పేరుబిళ్ళ విప్పలేదు. ఆమె వైపు చూడలేదు. ఆమె డబుల్ కొట్టింది. బండి కుదుపుతో బయల్దేరింది, జనం ముందుకు తూలారు. గేటు దాటుతుంటే దూది కిటికీలోంచి స్తంభం మీద బండి రాసిన గీతను చూశాడు, అది కంటికి ఆనకుండా పోయేదాకా.

మార్కెట్టు వచ్చేలోగా ఆమె టికెట్లు కొడుతూ అతని దాకా వచ్చి, దాటి, వెనక్కి పోయింది. ఇంటికెళ్ళాక ఈ మనిషి తనతో మాట్లాడతాడో లేదో తెలియదు. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. ముక్కును ఓడించానా, ముక్కు పని తానే పూర్తి చేశానా అన్నది కూడా తెలియలేదు. అందుకు వాడి మీద ఇంకా మండింది.

నీళ్ళ ట్యాంకు కనపడింది. ఆమె చెయ్యి దానంతటది పైకి లేచి తాడు అందుకుంది.

దూది తల తిప్పలేదు. కిటికీలోంచి బయటికే చూస్తూ అన్నాడు.

“కొట్టకు. వాడికి దారి తెలుసు.”

బండి మలుపు తిరిగింది.